నిమ్మజాతి తోటల్లో చేత్తో పిందెల పలుచన: ఎప్పుడు, ఎన్ని, ఏవి

కొమ్మలు వంగేలా కాసిన కమలా చెట్టు నుంచి, ఏ తెగులూ లేని పచ్చి కాయలను పనిగట్టుకుని తెంపి నేల మీద పడేయమంటే ఏ రైతుకైనా చేతులు రావు. చేతికందే పంటను తానే తగ్గించుకుంటున్నట్టు అనిపించడం సహజం. అయినా జపాన్‌లో సత్సుమా కమలాలు పండించేవారూ, ఆస్ట్రేలియాలో ఇంపీరియల్, మర్కాట్ రకాలు పండించేవారూ కాపు మితిమీరిన ఏట కూలీలను పెట్టి మరీ ఈ పని చేయిస్తారు. ఎందుకని అడిగితే ఎక్కువమంది చెప్పే కారణం ఒక్కటే, మిగిలిన కాయలు లావెక్కుతాయని. అది నిజమే గాని సగం నిజం. పలుచన వల్ల ఒరిగే ప్రయోజనాల్లో ఒకటి ఈ ఏటి కాయ సైజుకు సంబంధించినదైతే, రెండోది వచ్చే ఏటి పూతకు సంబంధించినది. ఈ రెండూ చెట్టులో వేర్వేరు దారుల్లో జరుగుతాయి, వాటి గడువులూ వేరు. ఆ తేడాను పట్టించుకోకుండా, తీరిక దొరికినప్పుడు నాలుగు కాయలు తెంపి ఊరుకుంటే రెంటిలో ఏదీ సరిగా దక్కదు.

ముందుగా చెట్టు తనంతట తాను చేసుకునే పలుచన సంగతి చూడాలి. బాగా ఎదిగిన బత్తాయి చెట్టు ఒక్క పూతలో లక్ష వరకూ, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువగా పూలు పూస్తుంది. వాటిలో కోతదాకా నిలిచేవి సాధారణంగా నూటికి ఒకటో రెండో, కొన్ని రకాల్లో ఆ మాత్రం కూడా ఉండవు. రేకులు రాలే దశలో మొదలైన ఈ రాలుడు, పిందె అర సెంటీమీటరు నుంచి రెండు సెంటీమీటర్ల మందానికి వచ్చేదాకా విడతలు విడతలుగా సాగుతుంది. వసంతంలో పూసే ప్రాంతాల్లో, ఉత్తరార్ధగోళంలో అది జూన్ ప్రాంతంలో ముగుస్తుంది కనుక దానికి జూన్ రాలుడు అనే పేరు స్థిరపడింది. దక్షిణార్ధగోళంలో అదే పని నవంబరు, డిసెంబరు నెలల్లో జరుగుతుంది. ఆకులు తయారుచేసే పిండి పదార్థాల కోసం పిందెల మధ్య నడిచే పోటీలో ఓడినవి రాలిపోతాయి. ఆ రోజుల్లో వడగాడ్పులు వీచినా, నేలలో తేమ తగ్గినా రాలుడు మరీ ఉద్ధృతమవుతుంది. అందుకే ఈ రాలుడు ముగియకముందే పలుచనకు పూనుకోవడం తొందరపాటు. తెంపిన పిందె ఎలాగూ రాలిపోయేదే కావచ్చు, ఏరికోరి ఉంచిన పిందె వారం తిరక్కుండానే రాలవచ్చు. చెట్టు తన లెక్క తేల్చుకున్న తరువాతే మన లెక్క మొదలవ్వాలి.

అయితే మరీ ఆలస్యం చేయడానికీ వీల్లేదు. ఆస్ట్రేలియాలో వలెన్షియా నారింజ మీద 1958లో బెయిన్ ప్రచురించిన అధ్యయనం, కాయ పెరుగుదలను మూడు దశలుగా విడదీసి చూపింది. పూత తరువాత సుమారు రెండు నెలలపాటు సాగే మొదటి దశలో కాయలోని కణాలు విభజన చెందుతూ సంఖ్యలో పెరుగుతాయి. ఈ దశలో పిందె లావుగా కనిపించినా అందులో అధికభాగం తొక్కే. రెండో దశ అన్నిటికన్నా దీర్ఘమైనది. అందులో కణాల సంఖ్య దాదాపు అంతే ఉండి, ఒక్కో కణం సాగుతుంది, తొనల్లోని రసపు తిత్తులు నీటితో, చక్కెరలతో నిండుతాయి. మూడో దశలో పెరుగుదల మందగించి రంగు, రుచి మారతాయి. సహజ రాలుడు ముగిసే సమయం దాదాపు మొదటి దశ చివరకు వస్తుంది. అంటే ఆ వెంటనే చేసే పలుచన, కణాల సంఖ్యను పెంచలేకపోయినా, కణాలు సాగే దశ మొత్తాన్నీ మిగిలిన కాయలకు అప్పగిస్తుంది. ఆ దశ సగం గడిచాక కాయలు తెంపితే సైజులో వచ్చే లాభం కూడా ఆ మేరకు తగ్గుతుంది. రంగు తిరిగే ముందు తెంపితే సైజు విషయంలో చెప్పుకోదగ్గ మార్పేమీ ఉండదు.

సైజు లాభం ఎంత అన్న ప్రశ్నకు ఒక చిన్న లెక్క వేసుకుంటే విషయం తేటపడుతుంది. ఒక చెట్టుకు 1,000 కాయలున్నాయనీ, వాటిని అలాగే వదిలేస్తే సగటున 5 సెంటీమీటర్ల మందం, 60 గ్రాముల బరువు తూగుతాయనీ అనుకుందాం. మొత్తం దిగుబడి 60 కిలోలు. అందులో 400 కాయలు తీసేస్తే, మిగిలిన 600 కాయలు 6 సెంటీమీటర్లకు పెరిగిన పక్షంలో ఒక్కొక్కటి సుమారు 104 గ్రాములు తూగుతుంది. మందం ఐదో వంతు పెరిగితే ఘనపరిమాణం 73 శాతం పెరుగుతుంది కాబట్టి మొత్తం బరువు 62 కిలోలకు చేరి, పైకి ఏ నష్టమూ కనిపించదు. కాని తోటలో అంతటి పెరుగుదల దొరకడం అరుదు. అవే 600 కాయలు 5.5 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతే ఒక్కొక్కటి 80 గ్రాములే, మొత్తం 48 కిలోలే. అంటే పలుచన చేసిన ఏట బరువు తగ్గడమే మామూలు. ఆ తగ్గుదలను పూడ్చవలసింది గ్రేడింగులో లావు కాయకు దక్కే అదనపు ధర. సన్న కాయకూ లావు కాయకూ ఒకే ధర పలికే చోట, లేదా రసం తీయడానికి టన్నుల లెక్కన అమ్ముకునే తోటలో, సైజు కోసమని కూలి ఖర్చు పెట్టి పలుచన చేయడం నా దృష్టిలో దండగ. ఇంత స్పష్టంగా చెప్పడానికి చాలామంది వెనకాడతారు గాని లెక్క మాత్రం అదే చెబుతుంది.

అలాంటి తోటల్లో కూడా పలుచన గురించి ఆలోచించవలసిన సందర్భం ఒకటుంది, అదే ఏడాది విడిచి ఏడాది కాపు. కమలా జాతుల్లో ఈ లక్షణం బలంగా ఉంటుంది. ఒక ఏడు విరగకాసిన చెట్టు మరుసటి ఏడు నాలుగు పూలు పూసి ఊరుకుంటుంది. ఆ ఏడు కాపు లేక దాచుకున్న బలంతో మళ్లీ మూడో ఏడు విరగకాస్తుంది. వాతావరణం ఒకసారి ఈ ఊగిసలాటను ప్రారంభిస్తే చాలు, తరువాత అది తనంతట తానే కొనసాగుతుంది.

దీనికి పరిశోధకులు మొదట్లో ఇచ్చిన వివరణ చెట్టులోని పిండి నిల్వలు ఖాళీ కావడం. ఇజ్రాయెల్‌లో గోల్డ్‌ష్మిట్, గోలోంబ్ 1982లో విల్కింగ్ కమలా చెట్ల మీద ప్రచురించిన పరిశోధనలో, కాపు ఉన్న చెట్టుకూ లేని చెట్టుకూ మధ్య పిండి నిల్వల్లో అన్నిటికన్నా పెద్ద తేడా వేళ్లలో బయటపడింది. కాయలు లాగేసుకోగా మిగిలింది ఆకులకు, కొమ్మలకు పోయి, చివర ఉన్న వేళ్లకు ఏమీ చేరదన్నమాట. ఇది ఎంతవరకు పోతుందో ఫ్లోరిడాలో మర్కాట్ చెట్లు చూపించాయి. విపరీతంగా కాసిన ఏట కాయలు పక్వానికి వచ్చే సమయంలో ఆకులు పాలిపోయి రాలిపోవడం, రెమ్మలు ఎండిపోవడం, కొన్ని చెట్లు ఏకంగా చచ్చిపోవడం అక్కడ కనిపించింది. ఏదో తెగులు అనుకున్న ఆ చావుకు కారణం వేళ్లలో పిండి పూర్తిగా అడుగంటడమేనని పాల్ స్మిత్ 1976లో తేల్చారు. కాయలను ముందే తీసేసిన చెట్లు ఆ గతి తప్పించుకున్నాయి. మర్కాట్ వంటి రకాల్లో పలుచన అనేది దిగుబడి పెంచే పని కన్నా ముందు చెట్టును బతికించుకునే పని.

నిల్వల కథ ఒక్కటే అయితే, ఎరువులు దండిగా వేసి, నీరు సమృద్ధిగా పెట్టి ఏడాది విడిచి ఏడాది కాపును వదిలించుకోవచ్చు. అది కుదరదని అనుభవం చెబుతోంది. కాయ చెట్టు మీద ఉండటమే మొగ్గలకు ఒక నిషేధాజ్ఞలా పనిచేస్తుంది. ఆ అడ్డు మూడు చోట్ల పడుతుంది. మొదటిది, కాయలున్న రెమ్మ వేసవిలో, ఆ తరువాత కొత్త చిగుళ్లు వేయదు. వచ్చే ఏడు పూత పూయవలసిన కణుపులు చాలామట్టుకు ఆ చిగుళ్ల మీదే ఉంటాయి కనుక, చిగురు లేకపోతే పూతకు చోటే ఉండదు. కాలిఫోర్నియాలో పిక్సీ కమలా మీద వెరెయిన్, లొవాట్ 2009లో ప్రచురించిన పరిశోధన ఈ సంగతిని వివరంగా చూపింది. రెండోది, ఉన్న మొగ్గలు కూడా వసంతంలో సరిగా విచ్చుకోవు. మూడోది, ఆకుల్లో తయారై మొగ్గను పూమొగ్గగా మార్చే సంకేతమే బలహీనపడుతుంది. ఆ సంకేతాన్నిచ్చే ఎఫ్‌టీ జన్యువు, కాపు బరువుగా ఉన్న చెట్ల ఆకుల్లో మందగిస్తుందని స్పెయిన్ పరిశోధకులు గుర్తించారు. విత్తనాల నుంచి వెలువడే జిబ్బరెల్లిన్లు అనే మొక్కల హార్మోన్లు ఈ అడ్డుకు ఒక కారణమన్నది పాత అభిప్రాయం. పూత కుదురుకునే కాలంలో ఆ కోవకే చెందిన జిబ్బరెల్లిక్ ఆమ్లం పిచికారీ చేస్తే పూత తగ్గుతుందన్నది నిజమే గాని, అసలు విత్తనాలే లేని సత్సుమా కూడా ఏడాది విడిచి ఏడాది కాస్తుంది కాబట్టి విత్తనాల మీద నేరం మొత్తం మోపడం కుదరదు.

పూత కోసం చేసే పలుచన గడువును తేల్చేది ఈ మూడు అడ్డంకులే. చిగుళ్లు వేయవలసిన కాలం దాటాక కాయలు తెంపితే మొదటి అడ్డంకిని తొలగించే అవకాశం పోయినట్టే. కాయ దాదాపు పూర్తి సైజుకు చేరి, చల్లదనం వల్లనో నీటి ఎద్దడి వల్లనో మొగ్గలు పూతకు సిద్ధమయ్యే కాలం దాటాక తెంపితే మిగిలిన రెండిటినీ తొలగించే అవకాశమూ పోయినట్టే. కనుక సహజ రాలుడు ముగిసిన వెంటనే చేసే పలుచన సైజుకు, పూతకు రెంటికీ పనికొస్తుంది. ఆ తరువాత నెలా రెండు నెలల్లో చేసేది సైజుకు కొంత, పూతకు బాగానే ఉపయోగపడుతుంది. కోతకు ముందు చేసేది మచ్చలున్న కాయలను ఏరి పారేయడానికి మాత్రమే. సత్సుమా తోటల్లో ఈ పనిని రెండు మూడు విడతలుగా చేస్తారు. రాలుడు ముగియగానే గుత్తులను విడగొట్టే ముతక పలుచన, వేసవి చివర నుంచి కాయ కాయనూ చూసి ఏరే తుది పలుచన. ఒకేసారి అంతా తీసేయడం కన్నా ఇది మంచి పద్ధతి. మొదటి విడతలో పొరబాటున ఎక్కువ ఉంచినా సరిదిద్దుకోవచ్చు, తెంపిన కాయను మాత్రం తిరిగి అతికించలేం.

ఇక ఎన్ని తీయాలన్నది. దీనికి ఎక్కువగా వాడే కొలమానం కాయకు ఎన్ని ఆకులు అన్న లెక్క. సత్సుమాకు జపాన్‌లో కాయకు 20 నుంచి 25 ఆకులు ఉండాలని చెబుతారు. గ్రేప్‌ఫ్రూట్, పంపరపనస వంటి పెద్ద కాయల జాతులకు అంతకు ఎన్నో రెట్లు ఆకులు కావాలి. చెట్టంతా ఆకులు లెక్కపెట్టనక్కరలేదు. చెట్టుకు నాలుగు పక్కలా ఒక్కో కొమ్మను ఎంచుకుని, మూరెడు మేర ఆకులు, కాయలు లెక్కిస్తే చాలు. ఉదాహరణకు ఒక కొమ్మ మీద 200 ఆకులు, 18 కాయలు ఉన్నాయనుకుంటే, 20 నుంచి 25 ఆకుల చొప్పున అది మోయగలిగింది 8 నుంచి 10 కాయలు. కనుక అక్కడ దాదాపు సగం పోవాలి. అదే కొమ్మకు 7 కాయలే ఉంటే చేయి పెట్టకూడదు. ఇలా నాలుగు కొమ్మలు లెక్కించేసరికి కంటికి ఒక అలవాటు పడుతుంది, ఆ తరువాత లెక్కతో పని ఉండదు. ఈ లెక్కలో మరవకూడనిది ఆకు ఆరోగ్యం. ఆకుముడత పురుగు తొలిచిన ఆకు, జింకు లోపంతో పాలిపోయిన ఆకు, దట్టమైన నీడలో ఉన్న ఆకు పూర్తి ఆకుగా లెక్కకు రావు.

చేతి పలుచన అసలు విలువ ఎంపికలో ఉంది. నాఫ్తలీన్ ఎసిటిక్ ఆమ్లం, ఎథెఫాన్ వంటి రసాయనాలతోనూ పిందెలు రాల్చవచ్చు, వాటిని వాడే దేశాలూ ఉన్నాయి. కాని వాటి ప్రభావం ఆ రోజు ఉష్ణోగ్రతను బట్టి, చెట్టు బలాన్ని బట్టి మారిపోతుంది. ఎథెఫాన్ మోతాదు కాస్త ఎక్కువైతే ఆకులు కూడా రాలతాయి. అన్నిటికీ మించి, కొమ్మ పైన ఎండకు మాడబోయే పిందెనూ, ఆకుల నీడలో చక్కగా వేలాడుతున్న పిందెనూ రసాయనం వేరుచేసి చూడలేదు.

ఒక కొమ్మను దగ్గరగా చూస్తే ఎంపిక ఎలా సాగుతుందో తెలుస్తుంది. ముందు కంటపడేది రెమ్మ చివర నాలుగైదు కాయలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్న గుత్తి. గాలికి ఇవి రాసుకుని తొక్క మీద గీరలు పడతాయి, కాయల నడుమ సందుల్లో పిండినల్లి చేరుతుంది. మందు కొట్టినా అక్కడికి చేరదు. ఆ గుత్తిలో మిగతావాటికన్నా చిన్నగా ఉన్నది ముందు పోవాలి. చిన్నకాయ తరువాత పుంజుకుంటుందని ఆశపడటం వృథా, రాలుడు ముగిసేనాటికి వెనకబడ్డ కాయ కోతనాటికీ వెనకబడే ఉంటుంది. ఆ తరువాత తామర పురుగు గీరినవి, మంగు పట్టినవి, గజ్జి మచ్చలున్నవి, వంకర తిరిగినవి. ఇక తొడిమలను చూడాలి. ఆకులేవీ లేకుండా ఉత్త పూలగుత్తిగా వచ్చిన రెమ్మ మీది కాయ కన్నా, నాలుగైదు కొత్త ఆకులతో కలిసి వచ్చిన రెమ్మ చివరి కాయ గట్టిగా నిలుస్తుంది, బాగా పెరుగుతుంది. విపరీతంగా పూసిన ఏట ఆకుల్లేని గుత్తులే ఎక్కువ కనుక తీసేయవలసినవి వెతుక్కోనక్కరలేదు. చివరగా కాయ ముఖం ఎటుందో చూడాలి. సత్సుమాలో మందమైన తొడిమతో ఆకాశం వైపు తిరిగి నిలిచిన కాయ లావెక్కుతుంది గాని తొక్క మందంగా, గరుకుగా తయారై రుచి చప్పబడుతుంది, పైగా మధ్యాహ్నపు ఎండ తగిలే పక్క మాడిపోతుంది. సన్నని తొడిమతో కిందికో, పక్కకో వేలాడే కాయకు నునుపైన పలుచని తొక్క వస్తుంది. అలాగని చెట్టు గుబురులో, నేలకు దగ్గరగా, వెలుతురు తగలని చోట ఉన్నవాటిని ఉంచుకోవడమూ దండగే, అవి చిన్నగా, పుల్లగా, రంగు లేకుండా మిగిలిపోతాయి.

చెట్టంతా సమానంగా పలచబరచాలన్న నియమం కూడా ఏమీ లేదు. కొన్ని కొమ్మల మీద కాయలన్నీ తీసేసి, మిగతా కొమ్మలను నిండుగా కాయనివ్వడం మరో పద్ధతి. ఖాళీ చేసిన కొమ్మలు ఆ ఏడు చిగుళ్లు వేసి వచ్చే ఏటి పూతకు సిద్ధమవుతాయి. కాయ వేసే అడ్డు ప్రధానంగా అది ఉన్న కొమ్మకే పరిమితం కావడం వల్లే ఇది సాధ్యమవుతుంది. సైజు మీద మక్కువ లేక, ఏటా ఒకే రీతి కాపు కావాలనుకునేవారికి ఇది మేలు. కూలి కూడా తగ్గుతుంది, ఎందుకంటే కొమ్మ మొత్తం దులిపేయడానికి ఎంపికతో పనిలేదు.

పనిముట్ల గురించి చెప్పవలసింది కొద్దిగానే. చిన్న పిందెను వేళ్ల మధ్య పట్టుకుని మెలితిప్పితే వస్తుంది. సైజు పెరిగాక లాగకూడదు, రెమ్మ బెరడు చీలుతుంది, కత్తెరతో తొడిమ కోయాలి. మంచు ఆరని ఉదయాల్లో, వాన వెలిసిన వెంటనే తోటలోకి దిగకూడదు. తడి ఆకుల మధ్య తిరిగే చేతులూ, బట్టలూ గజ్జి తెగులు బాక్టీరియాను చెట్టు నుంచి చెట్టుకు మోస్తాయి. నీరు నిండి ఉన్న కాయ తొక్క ఏమాత్రం నలిగినా నూనె గ్రంథులు పగిలి, తరువాత అక్కడ మచ్చలు తేలతాయి. తెగులున్న తోటలో చెట్టు మారినప్పుడల్లా కత్తెరను శుద్ధి చేసుకోవాలి, మచ్చలున్న కాయలను తోట బయటికి చేర్చాలి.

ఎక్కడ పలుచన అవసరం లేదో తెలుసుకోవడం కూడా అంతే ముఖ్యం. నిమ్మ ఏడాది పొడవునా విడతలుగా పూస్తుంది, లావు కాయకు ప్రత్యేకమైన గిరాకీ లేదు. కనుక ముదురు చెట్లలో దానికి పలుచన చేసేవారు అరుదు. కాపు మామూలుగానో, తక్కువగానో ఉన్న ఏట ఏ రకంలోనైనా పలుచన చేయడం హానికరం. అసలే కాయలు తక్కువున్న చెట్టు వాటిని అతిగా పెంచి, మందపు తొక్కతో, రసం తక్కువగా ఉన్న ముతక కాయలుగా మార్చేస్తుంది. దీనికి భిన్నంగా, నాటిన మొదటి రెండు మూడేళ్ల మొక్కల మీది కాయలన్నిటినీ తీసేయడం మంచిది. ఆ వయసులో చెట్టు పెంచుకోవలసింది కొమ్మలనూ, వేళ్లనూ.

పలుచన చేశాక నీటి తడుల్లో ఎడం పెరిగితే చేసిన పని వృథా అవుతుంది. కాయ కణాలు సాగే దశలో వాటిని సాగదీసేది నీరే. కాయలు తగ్గాయి కదా అని తడులు తగ్గించే రైతులూ ఉన్నారు, సైజు పెరగలేదని నిందించేది మాత్రం పలుచననే. నత్రజని, పొటాష్ లోపాలు ఉన్న తోటలో కూడా ఇదే పరిస్థితి. ఇక వలెన్షియా వంటి రకాల సంగతి కొంచెం వేరు. దాని కాయ పక్వానికి రావడానికి ఏడాది దాటే అవకాశం ఉంది కనుక, పాత కాయ, కొత్త పూత ఒకేసారి చెట్టు మీద కనిపిస్తాయి. పిందెలు ఎంత శ్రద్ధగా పలచబరచినా, ముదిరిన పాత కాయలను మంచి ధర కోసమని నెలల తరబడి చెట్టు మీదే నిలవ ఉంచితే, అవి కొత్త కాపును తగ్గిస్తూనే ఉంటాయి. అటువంటి తోటలో పలుచన కత్తెర పట్టేముందు కోత తేదీ మార్చుకోవాలి.